తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అనకూడని మాట

"అనకు!" అన్నాడు వాల్ట్.

"నేనేమన్నాను? నోరు తెరిచాను, అంతే." హేజెల్ గుప్పెడు వేయించిన వేరుశనగలు నోట్లో పోసుకుంది. మాట బయటికి రాకుండా అదొక అడ్డు.

"నువ్వు నోరు తెరిస్తేనే నాకు భయం."

వరండాలో ఉయ్యాలబల్ల మీద మొగుడూ పెళ్ళాం భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. పక్కగది కిటికీలోంచి హార్లన్ గొంతు వస్తోంది.

"తొమ్మిదో ఇన్నింగ్స్, ఇదే ఆఖరిది! ఇద్దరు ఔట్, ఇంకొక్కడు ఔటైతే ఆట మనదే. మన బార్జ్‌మెన్‌కి ఒక్క పరుగు, మిల్టన్ వాళ్ళకి సున్నా. బంతి మన రస్టీ చేతిలో ఉంది. ఆ ఎర్రజుట్టు చూడండి, ఎండలో నిప్పంటుకున్నట్టు లేదూ!"

హార్లన్ గొంతు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఊరి బేస్‌బాల్ జట్టు ఆడడానికి పొరుగూరు వెళితే, అతను ఇక్కడ స్టూడియోలోనే కూర్చుని, తంతి మీద వచ్చే రెండేసి మాటలు చదువుకుంటూ, పెన్సిల్‌తో చెక్కను టక్కుమనిపించి, నోటితోనే జనం హోరు పుట్టించి, ఆటంతా కళ్ళకు కట్టేవాడు.

రస్టీ బంతిని మిల్టన్ వాళ్ళలో ఒక్కడు కూడా కొట్టి బేస్ చేరలేదు. అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ పైకి అనరు. అంటే మరుక్షణం ఎవడో ఒకడు కొట్టి తీరతాడని నమ్మకం. హార్లన్ కూడా దాని చుట్టూ తిరుగుతున్నాడే గానీ ఆ ఒక్క మాట అనడం లేదు.

"పెళ్ళయిన వారానికే ఆ మాట అని ఓ ఆట ముంచావు," అన్నాడు వాల్ట్.

"ఆట నూరు మైళ్ళ అవతల. నేను మా అమ్మ వంటింట్లో, రేడియో ముందు. బంతికి చెవులుంటాయా?"

"నీ గొంతుకి నూరు మైళ్ళు ఓ లెక్కా?"

హేజెల్ కిసుక్కున నవ్వి అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది. నవ్విందే గానీ, ఆ ఓటమి ఇన్నాళ్ళూ ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ ఆట మాత్రం తన నోటివల్ల పోకూడదు.

వాల్ట్ బట్టతల మీద టోపీ సర్దుకున్నాడు. అతని ఎడమచేతి వేళ్ళు ఓ పాత బంతి కుట్ల మీద తిరుగుతున్నాయి. పక్కన నిమ్మరసం వేడెక్కిపోతోంది.

"అయ్యో, రస్టీ బంతులు పక్కకి పోయాయి. ఒకడికి ఉత్తపుణ్యాన మొదటి బేస్ దక్కింది. ఇప్పుడు కొట్టడానికి బుల్ కోవాక్ వస్తున్నాడు. వీడు బంతిని గోడ దాటించాడా, ఇద్దరూ బేస్‌లన్నీ చుట్టొచ్చి రెండు పరుగులు చేస్తారు. మన పని సరి!"

హేజెల్ ఇంకో గుప్పెడు వేసుకుంది. బుగ్గలు ఉబ్బిపోయాయి.

"ఒక స్ట్రైక్, బంతి తగల్లేదు... రెండు, మూడోదీ తప్పితే ఔటే... రస్టీ చెమట తుడుచుకున్నాడు. విసిరాడు!"

టక్!

"కొట్టాడు! బంతి పైకి లేచింది. గోడ వైపే. మనవాడు వెనక్కి పరిగెడుతున్నాడు, ఇంకా వెనక్కి..."

హార్లన్ ఆగాడు. ఎందుకో చాలాసేపు ఆగాడు.

వాల్ట్ కళ్ళు మూసుకున్నాడు.

"ఎగిరాడు... పట్టాడు! పట్టేశాడండీ!"

హేజెల్ నోట్లోవన్నీ ఒక్కసారిగా మింగి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు! ఒక్కటంటే ఒక్కటి!"

పక్కగది తలుపు తెరుచుకుంది. చెవి మీద పెన్సిల్‌తో, చంకలో చెక్కముక్కతో హార్లన్ బయటికొచ్చాడు. వాల్ట్ నెత్తి మీది టోపీ లాగేసి, ఒకప్పుడు ఎర్రజుట్టున్న ఆ నున్నటి తల మీద తట్టాడు.

"గెలిచావురా రస్టీ! ఏమ్మా హేజెల్, మీ పెళ్ళిరోజు చెర్రీపళ్ళ తీపిరొట్టె ఎక్కడ?"

 వాల్ట్ పాత బంతిని తీసి పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు.

"ఇక నిన్ను దెప్పడానికేం లేదోయ్," అన్నాడు.

నలభై ఏళ్ళ కిందట, అసలు ఆటలో, బుల్ కొట్టిన బంతి గోడ దాటింది.