బొట్టు పెట్టిన పుస్తకం

"చెయ్యి తియ్యరా ముసలోడా!"

నవీన్ కుమార్ అరుపుకి చుట్టాలందరూ ఇటు తిరిగారు.

ముసలాయన విమానం మీద నుంచి చెయ్యి తీశాడు. కదల్లేదు.

తిరువూరు దాటి గంపలగూడెం వెళ్ళే దారిలో, పత్తి పీకేసిన చేలో నిలబడి ఉంది ఆ విమానం. విమానమంటే పెద్దదేం కాదు. పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాలు, ముందొకటి వెనకొకటి సీట్లు, వాటి వెనక ఇంజన్. ఎక్కడో రెక్క విరిగి, ఇంజన్ పట్టేసి మూలన పడున్నదాన్ని నవీన్ కుమార్ చవగ్గా కొన్నాడు. ఎందుకు విరిగిందని అడగలేదు.

రెక్క కొత్తది వేయించాడు. ఇంజన్ కొత్తది తెప్పించాడు. టౌన్లో బైకులు బాగుచేసే సల్మాన్ నాలుగు రోజులు కూర్చుని దాన్ని బిగించాడు. నిన్న ఒక ఆయిల్ డబ్బా అయిపోయేదాకా నేల మీదే తిప్పి చూశారు. బ్రహ్మాండంగా తిరిగింది.

ఈరోజు పూజ. పూజ అయ్యాక మొదటి చక్కరు. ఎక్కేది నవీన్ కుమార్ ఒక్కగానొక్క కూతురు వినీల.

ఇంజన్‌కి బొట్టు పెట్టారు. పెట్రోలు క్యాన్లకి పెట్టారు. కొత్త ఆయిల్ డబ్బాకి పెట్టారు. విమానంతో పాటు వచ్చిన పాత రికార్డు పుస్తకానిక్కూడా పసుపు రాసి బొట్టు పెట్టారు. తెరిచి చూసినవాడు మాత్రం లేడు. పుస్తకాన్ని కళ్ళకద్దుకోవడం తెలిసినంత బాగా చదవడం తెలీదు మనవాళ్ళకి.

"ఫోన్లో మీ వీడియో చూసి వచ్చానండీ," అన్నాడు ముసలాయన. "పాత ఇంజన్ ఏం చేశారు?"

"పాత ఇనుం కింద వేసేశాం. అందుకేనా వచ్చింది? లేదు, పో."

"పుస్తకం చదివారా?"

"నన్నడగడానికి నువ్వెవడివి?"

నవీన్ కుమార్‌కి ప్రశ్నలడిగేవాళ్ళంటే పడదు. మాసిన చొక్కా వేసుకుని అడిగితే అస్సలు పడదు.

వినీల వెనక సీట్లో ఎక్కి తండ్రికి చెయ్యూపింది. ముందు సీట్లో పైలట్ అఖిల్ హెల్మెట్ బిగించుకున్నాడు. ఆ హెల్మెట్ పెట్టుకుంటే పక్కన పిడుగు పడినా వినపడదు.

ఎప్పుడు వెళ్ళాడో ఏమో, ముసలాయన ట్యాంకు దగ్గరున్నాడు. మూత తీశాడు. వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు. మళ్ళీ ముంచి మళ్ళీ రుద్దాడు.

"పాపని దించండి! ఇందులో ఆయిల్ లేదు!"

పాత స్కూటర్లకి లాగే ఈ ఇంజన్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి. కలపకపోతే కాసేపు బాగానే తిరుగుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఇది సల్మాన్‌కి తెలుసు. తెలుసు కాబట్టే ఒళ్ళు మండింది.

"పదిహేనేళ్ళ నుంచి మెకానిక్‌ని. నాకే నేర్పుతున్నావా? పొద్దున్నే కలిపాం!"

"నువ్వు కలిపావా బాబూ?"

"అఖిల్ కలిపాడు. పక్కకి జరుగు!"

ముసలాయన జరగలేదు. వంగి, ట్యాంకు కింద పైపు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పెట్రోలు ధారగా మట్టిలోకి కారిపోయింది.

సల్మాన్ లాగి ఒక్కటిచ్చాడు. నవీన్ కుమార్ రెండిచ్చాడు. ముసలాయన కళ్ళజోడు ఎగిరి చేలో పడింది. చుట్టాల్లో ఒకాయన దాన్ని తొక్కాడు. పొరపాటున కాదు.

"మనం బాగుపడితే చూళ్ళేరు వెధవలు," అంటూ నవీన్ కుమార్ తల్లి మెటికలు విరిచింది.

"ఆటోలో పడేసి బస్టాండులో దించి రండి. మళ్ళీ ఈ ఛాయల కనపడితే కాళ్ళు విరగ్గొడతా!" అని అరిచాడు నవీన్ కుమార్.

ముసలాయన్ని ఆటో ఎక్కించారు. ఆటో కదిలేదాకా వినీల వైపే చూశాడు.

"దిగమ్మా," అన్నాడు. "దిగు తల్లీ."

వినీల దిగింది. అఖిల్ కూడా దిగి హెల్మెట్ తీశాడు.

"ఏంటి గొడవ?"

"నువ్వు కలిపిన పెట్రోలంతా పారబోశాడు ముసలోడు. రెండో క్యాన్ కలుపు," అన్నాడు సల్మాన్.

"నేను కలపడమేంటి? నువ్వు కలిపావుగా?"

సల్మాన్ పూజ దగ్గరికి పరిగెత్తాడు.

ఆయిల్ డబ్బా దేవుడి పటం ముందే ఉంది. మూతకి బొట్టు ఉంది. బొట్టు కింద సీలు ఉంది.

నవీన్ కుమార్ తలెత్తి మామిడితోటల మీద ఆకాశం చూశాడు. కూతుర్ని చూశాడు. పెట్రోలు తడి ఆరని మట్టిలోనే కూలబడ్డాడు.

"బండి తియ్యి సల్మాన్. కాళ్ళు పట్టుకునైనా ఆయన్ని తీసుకురా."

ఇందాక విరగ్గొడతానన్న కాళ్ళే అవి.

పావుగంటకి ఫోనొచ్చింది.

"విజయవాడ బస్సు వెళ్ళిపోయిందంట, ఖమ్మం బస్సు కూడా వెళ్ళిపోయిందంట. ఏదెక్కాడో ఎవరూ చూళ్ళేదన్నా. పేరన్నా తెలుసా?"

పేరు ఎవరడిగారు?

వినీలకి ముసలాయన అడిగిన మాట గుర్తొచ్చింది. వెళ్ళి పుస్తకం తెరిచింది. చేతికి పసుపు అంటుకుంది. ప్రతి పేజీలో, ప్రతి చక్కరుకీ ముందు, ఒకే చేతిరాతతో ఒకే మాట: "పెట్రోలు వేళ్ళతో రుద్ది చూశాను. జిడ్డు ఉంది. జోజప్ప, మెకానిక్."

చివరి పేజీ పైకి చదవబోయి ఆగిపోయింది. పుస్తకం తండ్రి చేతిలో పెట్టింది.

"ఈరోజు చూడలేదు. వాడు కలిపాడని నేననుకున్నాను. నేను కలిపానని వాడనుకున్నాడు. పైకి వెళ్ళినవాడు నా కొడుకు."