కాకుల కాపలా

పుప్పొడి లోపలికి రాకుండా బెజవాడ అపార్టుమెంట్లన్నీ ఎండ చొరని అద్దాలు బిగించుకున్నాక, ఎండ మేడమీద వంతులవారీగా దొరికే సరుకైపోయింది. ఎండ తగలక డి విటమిన్ పడిపోతే ఉబ్బసం మరీ ముదురుతుందని, ఊపిరి తక్కువున్న పిల్లలకే ఎండలో కూచునే వంతులు.

ఏడేళ్ల చిన్మయి రోజూ పొద్దున్నే ఊపిరి కొలిచే గోడమీటరులో ఊదాలి. వచ్చిన అంకె లిఫ్టులో అందరికీ కనిపిస్తుంది. ఇరుగుపొరుగు జాలిపడటం భరించలేక ఒకరోజు తల్లి ఇందుమతి తానే ఊదేసింది. అంకె బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడే పిల్ల వంతు రద్దయింది. మళ్లీ కావాలంటే నెల ఆగాలట.

వారం తిరిగేసరికి చిన్మయి నాలుగడుగులేస్తే పిల్లికూతలు. ఇక ఆ ఇంటికి మిగిలింది ప్రతి ఇంటికీ ఉండే, వడియాలు ఎండబెట్టుకునే వంతే. ఇందుమతి ఒక చేత్తో గుమ్మడి వడియాల పళ్లెం, ఇంకో చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని మేడ తలుపు దగ్గరికెళ్లింది.

"పాపెందుకమ్మా?" అన్నాడు వాచ్‌మన్ గురవయ్య.

"కాకుల్ని తోలడానికి," అంది తలెత్తకుండా.

మేడంతా పుప్పొడి ఆపే సన్నటి వల కట్టి ఉంది. ఊళ్లో కాకి కనబడి ఏళ్లయింది. గురవయ్య పిల్ల గొంతులో కూత విన్నాడు, తలుపు తీశాడు.

"ఎండలోనే కూచుని తోలు తల్లీ. రేపు కూడా రా, అవి రోజూ వస్తాయి."