ఆరువందల మీటర్ల మొక్కు

సోమవారం ఉదయం ఎనిమిదింపావుకి మునిప్రసాద్ కారు మొరాయించింది. తాళం తిప్పితే ఓసారి గుర్రుమని ఊరుకుంది. ఐదోసారికి అదీ లేదు. వెనక సీట్లో పన్నెండేళ్ల కూతురు మోనిక సంచీ వీపున తగిలించుకునే కూర్చుంది.

"నడిచి పోతా నాయనా," అంది.

తిరుచానూరులో వాళ్ల మేడెక్కితే బడి జెండా కనిపిస్తుంది. మహా అయితే ఆరువందల మీటర్లు. ఆ కాస్త దూరానికి రోజూ కారు తీసి, సందు తిప్పి, బడి ముందు ఇంకో నలభై కార్ల మధ్య ఇరుక్కుని, హారన్ మోగించి మోగించి, ఇరవై నిమిషాలకు పిల్లను దించుతాడు ఈ మహానుభావుడు. అప్పటికి ఎదురింటి పవిత్ర నడిచి వెళ్లి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. పవిత్రతో కలిసి నడవాలని మోనికకు ఏడాదిగా ఒకటే ఆశ. అడిగినప్పుడల్లా తండ్రి కసురుతాడు.

ఇవాళా అదే పాట. "వాళ్లమ్మ పూలమ్ముకుంటాది, ఆ పిల్ల నడుస్తాది. రెండు లాడ్జీల ఓనరు బిడ్డ నడిస్తే సూసేవాళ్లు ఏమనుకుంటారు?"

దగ్గర్లో ఇళ్లున్న పిల్లల్ని నడిపించండి, లేదంటే సైకిలిచ్చి పంపండి అని హెడ్మాస్టర్ తులసీరాం మీటింగు పెట్టి బతిమాలినప్పుడు, కారు లేనివాడి నీతులు తనకక్కర్లేదని అందరి ముందూ లేచి వచ్చేసిన ఘనుడు కూడా ఇతనే.

పోనీ నడకంటే పడదా అంటే, అదీ కాదు. నెలనెలా అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా మెట్లెక్కి కొండకు పోతాడు. మోకాళ్ల పర్వతం దగ్గర ఫోటో దిగి స్టేటస్‌లో పెడతాడు. కొండకు నడిస్తే గొప్ప, బడికి నడిస్తే పరువు తక్కువ. అదీ ఆయన తెలివి.

ఆటోవాడికి ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నాడు. లాడ్జి మేనేజరు ఎత్తనే లేదు. చివరికి ఇవాళ్టికి బడి మానెయ్యమన్నాడు. నడవాల్సి వస్తుందని బడి మాన్పించే తండ్రిని ఏమనాలో మీరే చెప్పండి.

మోనిక కారు దిగింది.

"మానకూడదు నాయనా. అమ్మవారికి మొక్కుకోనుండా. నలభై ఎనిమిది రోజులు బడికి నడిచే పోతానని."

మునిప్రసాద్ ఫోను జేబులో పెట్టేశాడు. మొక్కు తప్పితే ఏమవుతుందో తిరుచానూరులో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? తన షుగరు తగ్గాలనే బిడ్డ మొక్కుకుని ఉంటుందని తనకు తానే తేల్చేసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. చెప్పులు గడప దగ్గర విడిచి, తనూ వెంట బయలుదేరాడు.

అప్పుడే ఎదురింట్లోంచి వచ్చిన పవిత్ర చెయ్యి పట్టుకుని మోనిక ముందు నడిచింది. వెనకాల మునిప్రసాద్ పళ్లకొట్టు ఆయన్నీ, ఇస్త్రీ బండి ఆయన్నీ ఆపి ఆపి కూతురి భక్తి గురించి చెప్పుకున్నాడు. పది నిమిషాల కిందటి పరువు తక్కువ పని ఇప్పుడు వంశానికే కీర్తి అయిపోయింది.

బడి గేటు దగ్గర తులసీరాం నిలబడి ఉన్నాడు. తండ్రీకూతుళ్లు నడిచి రావడం చూసి ఆయన రెండడుగులు ఎదురొచ్చాడు.

"మా పాప ఇంక నలభై ఎనిమిది రోజులూ నడిచే వస్తాది సార్," అన్నాడు మునిప్రసాద్, కార్లు దిగుతున్న వాళ్లందరికీ వినిపించేలా. "అమ్మవారి మొక్కు. నేనే ఒప్పుకున్నా."

అంతటితో ఆగినా బాగుండేది. ఆగితే అతను మునిప్రసాద్ ఎందుకవుతాడు?

"నాయన కోసం ఏం కోరుకున్నావో సార్‌కు కూడా చెప్పు తల్లీ."

మోనిక తల దించుకుంది. అమ్మవారి సంగతిలో అబద్ధమాడకూడదని నేర్పింది ఆ నాయనే.

"మన కారు చెడిపోవాలని నాయనా."