వ్యాను కదిలాక

వేళాంగణి వెళ్లొచ్చిన వ్యానులోంచి దింపిన వంటసామాను తోముతోంది రూబీ. పెద్దగిన్నె అడుగున తన కుక్క జానీ పళ్లెం కనబడేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఇంకో కుక్కపిల్లని తెచ్చుకుందువులే అక్కా," అన్నాడు తమ్ముడు జాకబ్. "తిరిగొస్తూ ఒంగోల్లో టీకి ఆగినప్పుడు అది దిగిపోయినట్టుంది. నువ్వేమో జ్వరంతో నిద్రపోయావు. అంతమందిలో కుక్కనెవరు చూసుకుంటారు?"

"వెళ్లేటప్పుడు నెల్లూరులో నన్ను మరిచిపోయి బయల్దేరితే, నేను లేనని మొరిగి మీకు చెప్పింది అదే కదరా!"

"నువ్వు లేవని అప్పుడెవరికి తెలుసు? దాని గోల పడలేక, దించేద్దామని ఆపించాం."

రూబీ ఆ పళ్లెం కడిగి, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుంది. మిగతా సామాను అలాగే వదిలేసి గుమ్మం దిగింది. ఒంగోలు రైలు కోసం భీమడోలు స్టేషను వైపు నడిచింది.