ప్రవళిక టీవీలో పాడిన శనివారం

శనివారం సాయంత్రం ఏడింటికి ప్రవళిక టీవీలో కనిపించాలి. కనిపించకపోతే ఆదివారం పొద్దున్నే పెట్టె సర్దుకుని ఊరికి పోవాలి.

ఇది తండ్రి సామేలు తీర్పు. దానికి కారణం ఊరివాడు బిక్షపతి. ఏదో పని మీద యూనివర్సిటీకి వచ్చి, ఎమ్మే క్లాసులో ప్రవళిక కోసం వెతికాడు. అమ్మాయి లేదు. ఆ కబురు బిక్షపతి కన్నా ముందే ఊరు చేరింది.

ఆ రోజు కాలేజీ పాటల పోటీలో పాడటానికి స్టూడియోకి వెళ్లానని, అది ఫలానా శనివారం టీవీలో వస్తుందని ప్రవళిక ఉత్తరం రాసింది. సామేలు నమ్మలేదు. ఊళ్లో చూద్దామంటే ఉన్న ఒక్క టీవీ పంచాయతీ ఆఫీసులో, ఆఫీసు తాళంలో ఉంది. భార్య కాశమ్మను హైదరాబాదు బస్సెక్కించాడు.

"నీ కండ్లతోని చూస్తే ఆడనే ఉండనియ్యి. లేకుంటె తోల్కరా" అన్నాడు.

కాశమ్మ తార్నాకలో దిగి, చీటీ పట్టుకుని సందులు వెతుక్కుంటూ వచ్చేసరికి, కూతురి గదికి ఎదురింట్లో ఉండే అచ్యుతరామయ్య గారు గేటు దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. ఆయన ఎకనామిక్స్ ప్రొఫెసరు. ఎవరినీ ఊరికే మెచ్చుకోరని క్యాంపస్‌లో పేరు.

"మీ అమ్మాయా? బుద్ధిమంతురాలమ్మా. సాయంత్రమైతే చాలు, పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర నుంచి లేవదు" అన్నారు.

కాశమ్మకి సగం భయం అక్కడే పోయింది. మిగతా సగం ఏడింటికి తేలాలి.

ప్రవళిక, ఆమె స్నేహితురాలు నిరోష కలిసి ఉంటున్నారు. టీవీ కోసం వాళ్లు పడ్డ కష్టం ఏమీ లేదు. రిమోట్ కోసం మాత్రం మూడు ఆదివారాలు కోఠి అంతా తిరిగారు. అందుకే దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, దిండు కింద దాచుకుంటారు.

టీవీ మంచిదే. రంగులు బాగుంటాయి. కాకపోతే కొన్ని జబ్బులున్నాయి. వాన పడితే రాదు. దోమలు ఎక్కువైతే రాదు. రాత్రి తొమ్మిదికి ఠంచనుగా ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా లేవదు. అన్నిటికన్నా పెద్ద జబ్బు వార్తలు. పాటలు నడుస్తుండగా చెప్పాపెట్టకుండా వార్తల్లోకి పోతుంది. అయినా మెకానిక్‌ని పిలుద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఏడు కావస్తుండగా ముగ్గురూ మంచం మీద వరసగా కూర్చున్నారు. కాశమ్మ కళ్లు చికిలించింది.

"గంత దూరమేందే?"

"దగ్గర కూసుంటే కండ్లు ఖరాబైతయమ్మా."

కాశమ్మ కూతురి మొహంలోకి ఓసారి చూసింది. 

టీవీలో వార్తలు వస్తున్నాయి. ప్రవళిక రిమోట్ నొక్కింది. చలనం లేదు. రిమోట్‌ని మంచం కోడుకేసి రెండు తట్లు తట్టింది. లాభం లేదు. సెల్సు బయటికి తీసి, ఒకటి తను అరచేతుల మధ్య రుద్దింది. రెండోదాన్ని నిరోష పంటితో కొరికింది. మళ్లీ వేసి నొక్కితే పాటల పోటీ వచ్చింది. నిరోష చెప్పకముందే సౌండు కూడా పెంచేసింది.

యాంకరు నవ్వింది. వెంటనే వార్తలు. ప్రవళిక నొక్కింది. ఎవరో కాలేజీ కుర్రాడు గొంతు సవరించుకుంటున్నాడు. వార్తలు. నొక్కింది. కుర్రాడు రెండో చరణంలో ఉన్నాడు. వార్తలు. ఎవరో మంత్రి రిబ్బను కత్తిరిస్తున్నాడు. కుర్రాడు ఏం పాడాడో, మంత్రి ఏం ప్రారంభించాడో ముగ్గురికీ అర్థం కాలేదు.

"మీ నాయినకు ఏం చెప్పాలె? మంత్రి మంచిగ పాడిండని చెప్పాల్నా?" అంది కాశమ్మ.

ప్రవళిక మళ్లీ నొక్కింది. కుర్రాడు దండం పెట్టి వెళ్లిపోయాడు. యాంకరు చీటీ చూసి "ఇప్పుడు ప్ర..." అనగానే టీవీ మొత్తానికే ఆరిపోయింది.

కాశమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నిరోష వెళ్లి, మంచం కిందున్న ప్రవళిక పెట్టె మీద దుమ్ము తుడవసాగింది. ఎందుకైనా మంచిదని.

ప్రవళిక బొటనవేలు తెల్లబడేదాకా నొక్కి పట్టింది. టీవీ వెలిగింది. ఇంకోసారి నొక్కింది.

తెర మీద ప్రవళిక. మైకు రెండు చేతులా పట్టుకుని, వాయించేవాళ్ల కన్నా అర సెకను ముందు పాడుతోంది.

గదిలో ప్రవళిక రిమోట్ మీద వేలు పెట్టి సిద్ధంగా కూర్చుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. టీవీ ఎందుకో ఈసారి వార్తల్లోకి పోలేదు.

"గా చున్నీ ఎవరిదే?" అంది కాశమ్మ.

"నిరోషది."

"గట్ల బక్కగైనవేందే. తింటలేవా?"

అంతవరకే. ఆ తర్వాత పాట అయిపోయేదాకా కాశమ్మ రెప్ప వేయలేదు. అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈడనే ఉండు. మీ నాయినకు నేను చెప్త" అంది.

అని, సంతోషం పట్టలేక లేచి నిలబడి, చర్చిలో కొట్టినట్టు గట్టిగా చప్పట్లు కొట్టింది.

సందుకు అవతలి ఇంట్లో, తన టీవీ ముందు, తన రిమోట్ చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్న అచ్యుతరామయ్య గారు ఆ చప్పుడుకి వెనక్కి తిరిగేలోపు, ప్రవళిక కిటికీ మూసేసింది.