మూడో డిస్కు

శంకర్రావు టాక్సీ దిగి, ఇనుప పెట్టెను తానే మోసుకొచ్చి, పాడైన కంప్యూటర్లు బాగుచేసే శివరాం బల్ల మీద పెట్టాడు. అందులో మూడు కంప్యూటర్ డిస్కులు.

"నాగ్‌పాడాల కూలిన బిల్డింగు మా కంపెనీదే తమ్మీ," అన్నాడు గొంతు తగ్గించి. "పిల్లర్లల్ల ఇనుము ఎవరు తగ్గియ్యమన్నరో అంతా వీటిల్నే ఉంది. కోర్టు దాఖలు చెయ్యమన్నది. చచ్చిన డిస్కులిస్తే ఏం ఫాయిదా? మా కంపెనీ ఓనర్ శేట్‌కు తెల్వకుండ తెచ్చిన."

శివరాం చేతులు ఆగిపోయాయి. ఆ బిల్డింగు కింద నలిగిపోయిన సెంట్రింగ్ మేస్త్రి పోచయ్య వాళ్ల చాల్‌లోనే, అదే వరస గదుల్లో ఉండే మనిషి. కంపెనీ తప్పంతా అతని మీదే తోసింది. జనం మాటలు పడలేక అతని భార్య లచ్చమ్మ నల్లా దగ్గరికి కూడా రావడం లేదు.

"ఇంకెవరికన్న చూపిచ్చిండ్రా సాబ్?"

"బొంబాయంత తిరిగిన. ఎవరితోని కాలే."

సమాచారం ముక్కలై మూడింటిలోనూ పరుచుకుని ఉంది. రెండు డిస్కులు ఎలాగో తిరిగాయి. మూడోది పూర్తిగా పోయింది. అందులోని ముక్కలను మిగతా రెండింటి నుంచి లెక్కగట్టి పుట్టించాలి.

శంకర్రావు రోజూ వచ్చి పక్కనే కూర్చునేవాడు. చాయ్ తెప్పించేవాడు.

"ఈ పని ఎవరికన్న నేర్పినవా?" అని అడిగాడొకసారి మెచ్చుకోలుగా.

"లే సాబ్."

"జర పైలం తమ్మీ. శేట్ మనుషులు మంచోళ్లు కారు. ఎవ్వరికీ చెప్పకు."

అప్పటినుంచి గల్లీలో ప్రతి కొత్త ముఖం శివరాంకు శేట్ మనిషిలాగే కనిపించింది. లచ్చమ్మకు కూడా చెప్పలేదు. తలుపు గడియ పెట్టుకుని పని చేశాడు.

చివరికి ఒక సాయంత్రం తెర మీద అక్షరాలు నిలిచాయి. ఇనుము సగానికి తగ్గించమన్న హుకుం. కింద శేట్ పేరు.

"అంతా వచ్చింది సాబ్! లచ్చమ్మ వదిన ఇగ తలెత్తుకొని తిరుగుతది."

శంకర్రావు అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"కాపీ ఏడన్న ఉందా?"

"గీ ఫ్లాపీలే."

"అవి పట్టుకొని నువ్వు గూడ రా. ఎట్ల తీసినవో వకీల్‌కు నువ్వే చెప్పాలె. కారు తెచ్చిన."

శివరాం చొక్కా వేసుకునేలోపు శంకర్రావు గల్లీ మొదట్లో ఆగిన కారు దగ్గరికి నడిచి, వెనక సీటులోకి వంగి మెల్లగా అన్నాడు:

"రేపు ఆ చచ్చిన డిస్కులు ధైర్యంగ కోర్టుకు ఇయ్యొచ్చు శేట్, వాటిని బతికించేటోడు బొంబాయి మొత్తంల వీడొక్కడే, వస్తుండు."