గోడ అవతలి చప్పుడు

బెన్నీ లేత్ మిషన్ ఆపి, ఇత్తడి చక్రాన్ని కొలుద్దామని వంగాడో లేదో, గోడ అవతల నుంచి దబదబమని చప్పుడు మొదలైంది.

అతను వెంటనే మిషన్ మీద దుప్పటి కప్పేసి, స్టూలు మీద బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. చప్పుడు తగ్గకపోగా ఇంకా పెరిగింది. కాసేపటికి దానంతట అదే ఆగిపోయింది.

భార్య సిరి వంటింట్లోంచి తొంగిచూసింది. “పోయి అడగరాదా? ఊరికే ఎందుకట్ల వణుకుతాండావ్?”

“అడిగితే ఓనరమ్మ ఖాళీ చెయ్ అంటాది. అంతేగదా.”

బెన్నీ భయం ఊరికే పుట్టింది కాదు. వర్క్‌షాపులో ఉద్యోగం మానేసి, డోన్‌లో పాత లేత్ ఒకటి కొని, నంద్యాలలో తానున్న అద్దె ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆళ్లగడ్డలో శిల్పాల కొట్టున్న ఓంప్రకాష్ అరచేతిలో పట్టే రాతి రథాలు చేయిస్తాడు. వాటికి గోరంత చక్రాలు బెన్నీ చేసివ్వాలి. ఇప్పుడు ఇంటికి అదే ఆధారం. మొదటి ఇంటివాళ్లు చప్పుడు పడలేక సామానంతా వీధిలో పెట్టించారు. వానలో తడిసిన లేత్‌కు తుప్పు వదిలించేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ రెండో ఇల్లు మాధవయ్య ఇంట్లోనే ఒక వాటా. ఆయన ఆళ్లగడ్డలో పిండిమిల్లు నడిపినవాడు. ఇంటి ముఖం చూసింది తక్కువ, పిండి మూటల మీదే కునుకు తీసి అక్కడే లేచేవాడని చెప్పుకుంటారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, మిల్లు అమ్మేసి నంద్యాల ఇంటికి చేర్చారు. బెన్నీ వాళ్లు దిగిన రోజే ఆయన భార్య వెంకటలక్ష్మి ఒక మాట చెప్పింది.

“ఆయన మంచం ఈ గోడకానుకునే ఉంటాదప్పా. నిద్ర పట్టక పసిపిల్లోని మాదిరి సతాయిస్తాడు.”

ఆ మాటతో బెన్నీకి కూడా నిద్ర కరువైంది.

లేత్ కింద రబ్బరు ముక్కలు పరిచాడు. కిటికీలో గోనెసంచులు కుక్కాడు. గబగబా నడిపి గబగబా ఆపేవాడు. అయినా ఆపినప్పుడల్లా గోడ మోగేది. మిషన్ హోరులో తనకు వినపడలేదు గానీ, పాపం ఆమె ఎంతసేపటి నుంచి కొడుతోందో అనుకొని సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఎదురుపడితే ఏం వినాల్సివస్తుందోనని పెరటి దారినే తిరిగేవాడు. ఈ కంగారులో చక్రాలు వంకర పోసాగాయి. ఓంప్రకాష్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

చివరికి ఆ ఓంప్రకాషే దారి చూపాడు. “మా షెడ్డులో పెట్టుకోప్పా. ఈడ దినమంతా ఉలి దెబ్బలే. నీ మిషన్ ఎవురికి వినపడ్తాది?”

మాధవయ్యను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు చూసి, బెన్నీ లేత్‌ను ఆటోకెక్కించాడు. సిరి వద్దంటూనే సామాను సర్దింది. ఒక్కమాట చెప్పి పోదామంది కానీ అతను వినలేదు.

ఆళ్లగడ్డలో పని కుదుటపడ్డాక, తాళంచెవి ఇచ్చి రావడానికి బెన్నీ ఒక్కడే నంద్యాల వచ్చాడు. చేతిలో రాతి రథం, తను చేసిన చక్రాలతో. ఉత్త చేతులతో క్షమాపణ అడగడానికి మనసొప్పలేదు.

తలుపు తీసిన వెంకటలక్ష్మి కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. ఆమె వెనక మంచం మీద మాధవయ్య కళ్లు తెరుచుకొని ఆ గోడ వైపే చూస్తున్నాడు. బెన్నీ దారి పొడవునా వల్లించుకున్నదంతా అప్పజెప్పాడు. ఇన్నాళ్లూ మిమ్మల్ని కష్టపెట్టానని, మిషన్ ఊరు దాటిపోయిందని, ఇక మీకు ఆ బాధ ఉండదని.

ఆమె రథాన్ని అందుకుంది కానీ దానివైపు చూడలేదు.

“ఆ మిషన్ పోయినకాడి నుంచి ఈయన కన్ను మూయల్యాదప్పా,” అంది.

బెన్నీకి అర్థం కాలేదు.

“నువ్వు ఆపినప్పుడల్లా, మళ్లీ ఎయ్యమనే గదా నేను గోడ కొట్టింది.”